గంజిలో మునగాకు వేయనివ్వలేదు

మొన్న మా వీధిలో ట్యూషన్లు చెప్పే కుర్ర మాస్టారు ఒకాయన నన్ను చూడటానికి వచ్చాడు. నేను పాతకాలపు సైన్సు టీచర్నని ఎవరో చెప్పారట. పిల్లలకు ఇప్పుడేం పాఠం జరుగుతోందని అడిగాను.

"వృక్షకణం సార్. ప్లాస్టిడ్లు మూడు రకాలు, వాటి పనులు. పెద్దగా చెప్పేదేం ఉండదు, ఒక్క మార్కు ప్రశ్న. బట్టీ కొట్టించేస్తా" అన్నాడు.

ఒక్క మార్కు! కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. ఆయన తప్పేమీ లేదని తెలుసు. ప్రశ్నపత్రం అలా వస్తుంది, ఆయన అలా చెబుతాడు. అయినా నాకు ఒళ్ళు మండింది. ఆ మూడు రకాల మాట ఎత్తితే నాకు ఒక పిల్ల గుర్తొస్తుంది, ఆ పిల్ల తమ్ముడు గుర్తొస్తాడు, ఒక గంజి గంగాళం గుర్తొస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు. చల్లార్చుకోవాలని నాకూ లేదు. కొత్తగా బడిలో చేరే మాస్టర్లు ఎవరైనా చదువుతారేమోనని ఇది రాస్తున్నాను.

అవి మేమింకా మద్రాసు ప్రభుత్వం కింద ఉన్న రోజులు. నాకది మొదటి ఉద్యోగం. ఉదయగిరికీ ఆత్మకూరుకీ మధ్యనున్న ఒక ఊరి హైస్కూలుకు సైన్సు అసిస్టెంటుగా వేశారు. ఊరి పేరు రాయను. అప్పటి పెద్దమనుషుల మనవళ్ళు ఇప్పుడు మంచి మంచి చోట్ల ఉన్నారు, వాళ్ళతో నాకు తగవు లేదు. తగవున్నవాళ్ళు ఎప్పుడో పోయారు.

నేను చేరేనాటికే వరసగా వానలు తప్పాయి. సజ్జ మాడిపోయింది, వేరుశనగ మాడిపోయింది. చెరువు అడుగు బీటలు వారి, పిల్లలు దానికి అడ్డంపడి బడికి వచ్చేవాళ్ళు. పశువులున్నవాళ్ళు వాటిని పెన్న గట్టుకు తోలుకుపోయారు. పశువులు లేనివాళ్ళు తామే పోయారు, నెల్లూరు డెల్టాలో కోత పనులకు. ముసలివాళ్ళూ పిల్లలూ ఊళ్ళో మిగిలారు. వాళ్ళకోసం మా స్కూలు వెనక తాటాకు పందిరి వేసి గంజి కేంద్రం పెట్టారు. బడిపిల్లలకూ, బడికి రాని చిన్నపిల్లలకూ మధ్యాహ్నం ఒక పూట గంజి. ప్రభుత్వం కొంత ఇచ్చేది, ఊరి కమిటీ కొంత ఇచ్చేది.

కమిటీకి పెద్ద, ఆత్మకూరులో బియ్యమూ వేరుశనగా హోల్‌సేలు వ్యాపారం చేసే ఒక షావుకారు. ఆయన సొంత ఊరు ఇది. చెడ్డవాడని చెప్పను. ఆయన బియ్యం ఇవ్వకపోయి ఉంటే ఆ ఏడు ఊళ్ళో పాడెలు లేచేవి. కోపంలో కూడా ఆ మాట దాచను. కానీ ఆయన ఇచ్చింది మిల్లులో బాగా పాలిష్ పట్టిన బియ్యం. సజ్జలో రాగులో ఇస్తే అంతే డబ్బుకు ఇంకా ఎక్కువమందికి వచ్చేదని ఎవరో అంటే, "నేను చేసే ధర్మం తెల్లగా ఉండాల" అన్నాడట. వంటామె గంజిని గుడ్డలో వడకట్టి మరీ పోసేది. నూక కనిపిస్తే ఆయన ముఖం చిట్లించేవాడు. ఎవరైనా పెద్దమనిషి ఊరికి వస్తే ముందు ఆ గంగాళం దగ్గరికే తీసుకొచ్చి, గరిటెతో ఎత్తి పోసి చూపించేవాడు.

మా స్కూల్లో ఒక ఇత్తడి మైక్రోస్కోపు ఉండేది. దాని పెట్టె తాళం హెడ్మాస్టరు గారి దగ్గర ఉండేది. ఆయన పిరికివాడు, మంచివాడు. ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు బయటికి తీసి తుడిచి, మళ్ళీ పెట్టెలో పెట్టి తాళం వేయడమే అంతవరకూ దాని ఉద్యోగం. నేను పట్టుబట్టి ఇప్పించుకున్నాను. సాయంత్రం బడి వదిలాక, ఆసక్తి ఉన్న పిల్లల్ని నలుగురైదుగుర్ని కూచోబెట్టి చూపించేవాణ్ణి.

ఆరోజు పాఠం ఈ ప్లాస్టిడ్లే. ఎలా చెప్పానో అలాగే మీకూ చెబుతాను. మొక్క ఒంట్లోని ప్రతి కణంలోనూ చిన్న చిన్న రేణువులు ఉంటాయి. ఆకుపచ్చ రేణువులు ఆకులో ఉంటాయి. ఎండ తగలగానే గాలినీ నీళ్ళనూ కలిపి అన్నం వండుతాయి. మనం తినే ప్రతి మెతుకూ వాటి వంటే. రంగు రేణువులు పూలల్లో, పళ్ళల్లో ఉంటాయి. ఎరుపూ పసుపూ చూపించి తేనెటీగనూ పిట్టనూ పిలుస్తాయి. మూడోవి తెల్లవి, రంగు లేనివి. వేళ్ళలో, దుంపల్లో, గింజల్లో ఎండ తగలని చోట ఉంటాయి. వాటి పని దాచడం. ముఖ్యంగా పిండి దాస్తాయి, కొన్ని నూనె కూడా దాస్తాయి. వండేవాళ్ళు, పిలిచేవాళ్ళు, దాచేవాళ్ళు. ఇంకో విచిత్రం, ఇవి ఒకటి ఇంకొకటిగా మారగలవు. పచ్చిమిరపకాయ పండుమిరప అయ్యేది అలాగే. పచ్చ రేణువే ఎర్ర రేణువవుతుంది.

చూపించడానికి మునగాకు మీంచి గీరిన పొర, పండుమిరప తొక్క, గెణుసుగడ్డ రసం సిద్ధం చేసుకున్నాను. మునగాకుకు కొదవలేదు. స్కూలు బావి పక్కనే మునగచెట్లు ఉండేవి. ఊరంతా ఎండినా అవి మాత్రం పచ్చగా ఉండేవి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

పిల్లలందరూ చూశారు. చివర ఫోర్త్ ఫారం, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి, చదివే ఒక పిల్ల వంతు వచ్చింది. చెరువు కింది పల్లె నుంచి వచ్చేది. తల్లీ తండ్రీ డెల్టాకు పోయారు, అవ్వ దగ్గర తనూ తమ్ముడూ ఉంటున్నారు. క్లాసులో అందరికంటే చురుకు. ఒకసారి చెబితే పట్టేసేది. ఆ పిల్ల కన్ను పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"ఏం కనపడుతోందమ్మా?" అన్నాను.

"ఏమీ కనపడలా అయ్యోరా. నల్లంగా ఉండాది."

అద్దం తిప్పాను. కిటికీ దగ్గరికి జరిపాను. మిగతావాళ్ళు మళ్ళీ చూసి, బాగానే కనిపిస్తోందన్నారు. ఒకడు నవ్వాడు. ఆ పిల్ల లేచి తడుముకుంటూ గోడ పట్టుకుంది. అప్పుడు చూశాను. బయట ఇంకా వెలుతురుంది. ఆ పిల్లకు మాత్రం గుమ్మం ఎక్కడుందో తెలియడం లేదు.

"ఎన్నాళ్ళనించి ఇట్లా?"

"పొద్దుగూకితే అంతే అయ్యోరా. మా పల్లెలో చానామందికి అంతే. పగలు బాగనే ఉంటాది."

రేచీకటి. నేనే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాను. దారిలో చెరువు అడుగున బీటలు దాటేటప్పుడు ఆ పిల్ల ప్రతి అడుగూ ముందు కాలివేలితో తడిమి తర్వాత వేస్తోంది.

ఇంటి ముందు అవ్వ కూచుని ఉంది, ఒళ్ళో ఆ పిల్ల తమ్ముడు. ఇంకా బడి వయసు రాలేదు. వాడికి తట్టు పోసి తగ్గిందట. ఒక కంట్లో తెల్లగా పువ్వు పడి, కన్ను పోయింది. రెండో కన్ను చూశాను. మెరుపు లేదు. తడి ఆరిపోయిన గాజులా ఉంది. వెలుగు కేసి తిప్పితే వాడు ముఖం అవ్వ పైటలో దాచుకున్నాడు.

మర్నాడు సెలవు పెట్టి ఆత్మకూరు ఆస్పత్రికి పోయి డాక్టరును కలిశాను. విసుగుమొహం మనిషి, కానీ పని తెలిసినవాడు. అక్కాతమ్ముళ్ళ కళ్ళ సంగతి చెప్పి, చేపనూనె మందు ఉందా అని అడిగాను.

"మద్రాసు నించి రావాల. ఎప్పుడొస్తాదో నన్నడగొద్దు" అన్నాడు. "ఏం తింటుండారయ్యా ఆ పిల్లోళ్ళు?"

"గంజి."

"ఇంకా?"

"గంజే."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "ఆకుకూర పెట్టండి. మునగాకు, అవిసాకు, ఏదైనా. కాస్త నూనె చుక్క తగిలించి. పెద్దపిల్లకి కొద్ది రోజుల్లో తేడా తెలుస్తాది. చిన్నోడి కన్ను మాత్రం ఆగదు. రేపూ మాపూ అనొద్దు. పుండు పడిందంటే ఇంక నేనూ లేను, మీరూ లేరు."

బస్సులో తిరిగి వస్తూ నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. నేను బోర్డుమీద గీసి చెప్పిన పాఠమే ఇది. ఆకుపచ్చ రేణువులో ఆకుపచ్చ రంగు చాటున ఒక పసుపు రంగు ఉంటుంది. ఆకు పండినప్పుడు బయటపడేది అదే. బొప్పాయి పండులో, పండుమిరపలో ఉన్నదీ ఆ జాతి రంగే. అది ఒంట్లోకి పోతేనే కంటికి చూపు. తెల్ల రేణువులో అది లేదు. అందులో ఉండేది పిండి, ఒట్టి పిండి. మేము ఆ పిల్లలకు నెలల తరబడి తెల్లదే పోశాం. పచ్చదీ లేదు, పసుపుదీ లేదు. పైగా అది తెల్లగా ఉందని మురిసిపోయాం.

నేరుగా అవ్వ దగ్గరికి పోయి చెప్పాను. మునగాకు నేనే తెచ్చిస్తాను, ఉడకబెట్టి పిల్లవాడికి పెట్టమన్నాను. ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"తట్టు పోసినోడికి ఆకా? నూనా? పత్యం చెడితే పిల్లోడు దక్కుతాడా నాయనా? గంజి తప్ప ఇంకోటి నోట్లో పెట్టగూడదు."

"కన్ను పోతాది అవ్వా."

"ఆకు మంచిదైతే గంజికాడ వాళ్ళే వేసుండరా? సర్కారోళ్ళూ షావుకారూ అంత పెద్దోళ్ళు, తెల్లగంజే గదా పోస్తుండారు. వాళ్ళకి తెలవదా? గంజికాడ పోస్తే తాగిస్తా. నువ్వు చెప్తే పెట్టను."

ఆమెను నేనేమీ అనను. కూతురి బిడ్డను చేతుల్లో పెట్టుకుని, తెలిసిన పత్యం తను పాటించింది. పెద్దవాళ్ళు ఏది పోస్తే అదే మంచిదని నమ్మింది. ఆ నమ్మకం నిలబెట్టుకోని పెద్దవాళ్ళ మీద నా కోపం.

హెడ్మాస్టరుతో చెబితే, "కమిటీ విషయం, మనకెందుకయ్యా" అన్నాడు. మనకెందుకు! మా బావి పక్క చెట్టు, మా పందిరి, మా పిల్లలు. అయినా మనకెందుకు. ఆ ఆదివారం కమిటీ కూర్చుంటే నేనే పోయి నిలబడ్డాను. గంజిలో రోజూ మునగాకు ఉడకబెట్టి కలుపుదాం, పైసా ఖర్చు లేదు, ఆకు నేనూ పిల్లలూ కోసిస్తాం అన్నాను.

షావుకారు మెత్తగానే అన్నాడు.

"అయ్యవారూ, మీరు నెల్లూరు మనిషి. ఈ సంగతి మీకు తెలవదు. ధాత కరువులో మా తాతల కాలాన ఈ చుట్టుపక్కల ఊళ్ళు ఆకులు తిన్యాయి. ఇప్పటికీ ఆ ఊళ్ళని ఆకు తిన్న ఊళ్ళంటారు. పిల్లనీరు, పిల్లని తీసుకోరు. నేను బతికుండగా నా ఊరికి ఆ పేరు రానిస్తానా?"

"మీ ఇంట్లో మునగాకు పప్పు వండుకోరా?"

"వండుకుంటాం. అది కూర. గంజిలో వేస్తే అది కరువు. రెండూ ఒకటేనా?"

విన్నారా? అదే చెట్టు, అదే ఆకు. పప్పులో పడితే కూర, గంజిలో పడితే కరువు. ఊరు నిజంగా కరువులో ఉన్నా, పందిరి వేసి గంజి పోస్తున్నా, కరువు అని మాత్రం కనిపించకూడదు. చుట్టూ కూర్చున్న కమిటీవాళ్ళు తలలు ఊపారు. వాళ్ళ పిల్లలెవరూ ఆ పందిరి కింద కూచోరు. నెయ్యీ పెరుగూ తినే పిల్లల తండ్రులకు తలలు ఊపడంలో కష్టమేముంది?

నాకు రక్తం మరిగింది. సైన్సు మాస్టర్ని కదా, సైన్సుతో చూపిద్దామనుకున్నాను. ఫస్టెయిడ్ పెట్టెలోని టింక్చర్ అయొడిన్ తెచ్చాను. గ్లాసెడు గంజి తెప్పించి, వాళ్ళ ముందే ఒక చుక్క వేశాను. పిండి ఉన్నచోట అయొడిన్ నీలంగా మారుతుందని మీకు తెలుసు. గంజి క్షణంలో నల్లటి నీలం అయిపోయింది.

"చూడండి, ఇందులో పిండి తప్ప..." అనబోయాను.

"గంజిలో ఏం కలిపినావయ్యా?" అని ఒకాయన గావుకేక పెట్టాడు. ఇంకొకాయన గ్లాసు లాక్కుని బయట పారబోశాడు. సాయంత్రానికల్లా ఊరంతా పాకింది, సైన్సు అయ్యోరు గంజిలో సిరా కలిపినాడంట, విషం కలిపినాడంట అని. మర్నాడు పందిరి కింద సగం చోటు ఖాళీ. నన్ను గంగాళం దరిదాపుల్లోకి రానివ్వొద్దని కమిటీ వంటామెకు చెప్పింది. హెడ్మాస్టరు మైక్రోస్కోపు తాళం వెనక్కి తీసుకున్నాడు. ఆ చుక్క వేయకుండా ఉండాల్సిందని ఆయన నాకు హితబోధ చేశాడు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. గంజి నీలమైతే భయపడ్డారు, పిల్లల కళ్ళు తెల్లబడితే భయపడలేదు.

మా ఇంట్లో జరిగింది అంతా చెబితే నా భార్య ఒక్కటే అడిగింది: "ఆ పిల్ల మనింట్లో తింటాదా?"

"తింటుంది."

"అయితే రేపట్నించి తీసుకురా."

బడి వదిలాక ఆ పిల్ల మా ఇంటి మీదుగా పోయేది. నా భార్య మునగాకు ఉడికించి, ఉప్పూ కాస్త వేరుశనగ నూనె వేసి, ముద్ద కలిపి చేతిలో పెట్టేది. ఆ పిల్ల ఒకసారి కొంచెం ఆకులో చుట్టుకుని తమ్ముడికని తీసుకుపోయింది. అవ్వ పారబోసి, ఈ పిల్లను కొట్టింది. మళ్ళీ తీసుకుపోలేదు. తను మాత్రం తినేది. తింటూ నా భార్యను, "అమ్మా, మావాడికి పెట్టకుండా నేను తింటే పాపమా?" అని అడిగిందట. నా భార్య ఏం చెప్పిందో నాకు చెప్పలేదు.

డాక్టరు చెప్పినట్టే అయింది. కొద్ది రోజులకే ఆ పిల్ల పొద్దుగూకాక గోడ పట్టుకోవడం మానేసింది. నేను ఇంకోసారి, ఇంకోసారి అవ్వ దగ్గరికి పోయాను. "గంజికాడ పోస్తే తాగిస్తా" అన్న మాట తప్ప ఇంకో మాట లేదు. షావుకారు ఇంటికీ పోయాను. ఆయన వరండాలోకి వచ్చి, మజ్జిగ ఇప్పించి, వేరే సంగతులు మాట్లాడి పంపించాడు.

ఇంతలో కరువు పనులు చూసే ఆఫీసరు గంజి కేంద్రం చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఊరంతా హడావుడి. పందిరికి కొత్త తాటాకు వేశారు, మామిడాకులు కట్టారు. ఆఫీసరు మధ్యాహ్నం వస్తాడన్నారు. గంజి తాగిన పిల్లల్ని ఇళ్ళకు పోనివ్వలేదు. వరసగా కూచోబెట్టి, ఆయన రాగానే పాట పాడాలని చెప్పారు. ఆయన రాలేదు. పిల్లలు పందిరి కింద ఉక్కలో కూచున్నారు. ఎండ వాలింది. ఆయన రాలేదు. పిల్లల్ని పంపించేద్దామని నేనంటే, "ఖాళీ పందిరి చూపించమంటావా?" అని షావుకారు కసిరాడు.

ఆఫీసరు కారు సాయంత్రానికి వచ్చింది. దండ వేశారు. పిల్లలు పాట పాడారు. షావుకారు గరిటెతో గంజి ఎత్తి పోసి చూపించాడు. "ఎంత తెల్లగా ఉంది!" అన్నాడు ఆఫీసరు. మా హెడ్మాస్టరు మైక్రోస్కోపు కూడా తుడిచి బల్లమీద పెట్టాడు. ఆఫీసరు దాంట్లో ఒక కన్ను పెట్టి, రెండోది కూడా మూసుకుని, "వండర్‌ఫుల్" అన్నాడు. తర్వాత ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరూ లేచి షావుకారు దాతృత్వం గురించి మాట్లాడారు. పొద్దు కుంకింది. పెట్రోమాక్సు ఇంకా వెలిగించలేదు, ఆకాశంలో ఎరుపు ఇంకా పోలేదు.

"ఇంక పిల్లలు ఇళ్ళకి పోవచ్చు" అన్నాడు హెడ్మాస్టరు.

ఎవరూ లేవలేదు.

"పోండిరా, లేవండి" అని మళ్ళీ అన్నాడు. చెరువు కింది పల్లె పిల్లలూ, ఇంకో పక్క గుడిసెల పిల్లలూ కూచున్నవాళ్ళు కూచున్నట్టే ఉన్నారు. ఒకడు లేచి రెండడుగులు వేసి, గంగాళానికి తగిలి పడ్డాడు. ఇంకో పిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

"ఏమైంది వీళ్ళకి?" అన్నాడు ఆఫీసరు.

నేను నోరు తెరిచేలోపల, వెనక వరసలోంచి మా ఫోర్త్ ఫారం పిల్ల లేచి వచ్చింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ నేర్పలేదు. వచ్చి ముందున్నవాడి చెయ్యి పట్టుకుని లేపింది. "నా పరికిణీ అంచు పట్టుకోరా. నువ్వు వాడి చొక్కా పట్టుకో. నువ్వు దాని జడ పట్టుకో, గట్టిగా లాగబాకు" అంటూ ఒకళ్ళ వెనక ఒకళ్ళను తగిలించింది. అందరికంటే ముందు తను నడిచింది. ఆ వరస మా ముందునుంచే, పందిరి గుంజల మధ్యలోంచి, మామిడాకుల తోరణం కిందనుంచి బయటికి పోయింది. ఒక్కచోట ఆగి, "ఈడ గుంట ఉండాది, కాలెత్తండి" అని చెప్పడం మాకందరికీ వినిపించింది.

ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు. "ఇంతమందికీ కనపడదా? ఆ పిల్లకి మాత్రం ఎట్లా కనపడుతోంది?"

"ఆ పిల్ల మా ఇంట్లో మునగాకు తింటోంది. మిగతావాళ్ళు మీరు మెచ్చుకున్న తెల్లగంజి తాగుతున్నారు" అన్నాను. గట్టిగానే అన్నాను. షావుకారు కిందికి చూశాడు.

అప్పుడైనా వెంటనే గంగాళంలో ఆకు వేశారనుకుంటున్నారా? లేదు. ఆఫీసరూ కమిటీవాళ్ళూ గదిలో కూచుని మంతనాలాడారు. ఊరి పరువు పోకూడదు, పిల్లల కళ్ళూ పోకూడదు. చివరికి ఒక తీర్మానం చేశారు. ఆకును గంజిలో వేయకూడదు. వేరే గిన్నెలో ఉడికించి, వేరే గరిటెతో, మందు అని చెప్పి పెట్టాలి. మందని డాక్టరు చేత రాయించి తేవాలి. ఆ కాగితం ఆత్మకూరు నుంచి వచ్చేదాకా ఆగాలి. డాక్టరు క్యాంపులో ఉన్నాడు, ఆలస్యమైంది. చెట్టు బావి పక్కనే పచ్చగా నిలబడి ఉంది. పచ్చమిరపలో రేణువు ఎర్రగా మారడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. మా కమిటీ మారడానికి అన్నీ కావాల్సొచ్చాయి.

కాగితం వచ్చింది. మందు గిన్నె పెట్టారు. అదే ఆకు, అదే చెట్టు. మందు అనగానే అందరి పరువూ నిలబడింది. తల్లులూ అవ్వలూ కిక్కురుమనకుండా పిల్లల నోళ్ళు తెరిపించి పెట్టారు. చెరువు కింది పల్లె అవ్వ మొదటిరోజే మనవణ్ణి చంకనెత్తుకుని వచ్చింది. మాట మీద నిలబడింది. "గంజికాడ పెడతుండారు, ఇంక పత్యం చెడదులే" అని తనే ముద్ద చేసి వాడి నోట్లో పెట్టింది. వాడు నమిలాడు.

అప్పటికి వాడి రెండో కన్ను కూడా పోయింది.

అవ్వ నా దగ్గరికి వచ్చి, "ఇది తింటే మళ్ళా వస్తాదా అయ్యోరా చూపు?" అని అడిగింది. ఆమె నా ముఖం చూసి, రాదని తనే తెలుసుకుని, ఇంకేం అడగకుండా మిగిలిన ముద్ద కూడా వాడికి తినిపించింది.

ఆ ఏడు చివర ఒక సభ జరిగింది. పిల్లలకు గంజితో పాటు మందు కూడా పంచిన మొదటి కేంద్రం మనదేనని షావుకారుకు శాలువా కప్పారు. నాకు ఆత్మకూరుకు బదిలీ కాగితం ఇచ్చారు. పెద్దలతో సఖ్యత లేనివాడినని అందులో రాయలేదు, కానీ అందరికీ తెలుసు. ఆత్మకూరులో నా ఉద్యోగం బాగానే సాగింది. అక్కడ మైక్రోస్కోపు తాళం నా దగ్గరే ఉండేది. ప్లాస్టిడ్ల పాఠం వచ్చిన ప్రతి ఏడూ నేను కాస్త గట్టిగా అరిచి చెప్పేవాణ్ణి. పిల్లలు ఆ అయ్యోరుకు ఆ పాఠమంటే పిచ్చి అనుకునేవాళ్ళు.

మొన్న వచ్చిన కుర్ర మాస్టారికి ఇదంతా చెప్పాను. ఆయన పాపం తల దించుకుని విన్నాడు. ఆయనకు చెప్పకుండా మింగేసిన ముక్క ఒకటుంది. ఇక్కడ రాస్తాను.

నేను ఊరు వదిలే ముందు హెడ్మాస్టరు గారే పిలిచి తాళం చేతిలో పెట్టాడు. ఆఖరి సాయంత్రం పిల్లల్ని కూచోబెట్టి మళ్ళీ అదే పండుమిరప తొక్క పెట్టాను. ఆ పిల్ల వంతు వచ్చింది. కన్ను పెట్టింది. ఈసారి తీయలేదు.

"అయ్యోరా! ఎర్రంగా ఉండాయి. చిన్న చిన్న గింజలు. ఎన్నుండాయో!" అని నవ్వింది. మైక్రోస్కోపు మీదనుంచి కన్ను తీయకుండానే, "రేపు మావాణ్ణి కూడా తీసుకొస్తా, వాడికీ..." అంది. అని, ఆగిపోయింది.

నేను ఇటు తిరిగి బోర్డు తుడవడం మొదలుపెట్టాను. తుడవాల్సింది ఏమీ లేదు.

కాసేపటికి ఆ పిల్ల లేచి, బల్లమీద మిగిలిన మిరపపండు చూపించి, "ఇది నాకియ్యండి అయ్యోరా" అంది.

"ఎందుకమ్మా?"

"వాడి చేతిలో పెట్టి చెప్తాను. ఎరుపు ఎట్టా ఉంటాదో వాడికింకా గుర్తుండాది."